డాల్డా డబ్బాలో 41 రూపాయలు

(గ్రంథాలయ వారోత్సవాల్లో మహబూబ్‌నగర్‌లో ఒక విశ్రాంత లెక్కల మాస్టారు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినబడుతోందా? వినబడకపోతే ముందుకు వచ్చేయండి. కాసేపయ్యాక ఎలాగూ అందరూ ఈ బల్ల దగ్గరికి రావాల్సిందే.

పోయిన ఎండాకాలం మా వీధిలో ఉండే ఒక పెద్దావిడ మా ఇంటికి వచ్చారు. చేతిలో పాత డాల్డా డబ్బా. అత్తగారు పోయిన తర్వాత సందుగ సర్దుతుంటే చీరల అడుగున దొరికిందట. "సారూ, కొట్టుకు వోతే అన్నీ కలిపి తూకానికి తీస్కుంటమన్నరు. ఇయ్యాల్నా వద్దా, ఒక్కపారి చూసి చెప్పుండ్రి" అన్నారు. చాప మీద గుడ్డ పరిచి డబ్బా ఒంపాం. 41 రూపాయి బిళ్లలు. మధ్యాహ్నం మొదలుపెడితే దీపాలు పెట్టే వేళయింది, ఒక్కొక్కటీ చూసేసరికి. ఇవాళ మీకు చెప్పబోయేది ఆ పూట సంగతే. ఆమె ఒప్పుకున్నారు కాబట్టి కొన్ని బిళ్లలు ఇక్కడికి తెచ్చాను.

ముందుగా తూకం. కొట్టువాళ్లు మొదలుపెట్టేది అక్కడే కదా, మనమూ అక్కడే మొదలుపెడదాం.

మందుల పొడులు చెప్పేటప్పుడు మన పెద్దవాళ్లు "రూపాయి ఎత్తు" అనేవారు. రూపాయి ఎత్తు అంటే తులం. ఇప్పుడు బంగారు కొట్లో తులమంటే 10 గ్రాములంటున్నారు గానీ, అసలు తులం 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. 1835లో ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడి అంతటికీ ఒకే రూపాయి పెట్టినప్పుడు బరువు సరిగ్గా అంతే పెట్టింది. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి, ఒక పాలు రాగి. లెక్క కడితే ఒక్కో రూపాయిలో 10.69 గ్రాముల అసలు వెండి. 1835 నుంచి 1939 దాకా, నాలుగో విలియం బొమ్మ పోయి విక్టోరియా వచ్చినా, ఎడ్వర్డ్ వచ్చినా, ఇద్దరు జార్జిలు వచ్చినా ఈ లెక్క మారలేదు. నూరేళ్లకు పైగా ఒకే తూకం, ఒకే వెండి పాళ్లు. నాణేల చరిత్రలో ఇది చిన్న సంగతి కాదు.

మన ప్రాంతంలో మాత్రం ఇంకో రూపాయి ఉండేది. ఇక్కడున్న పెద్దవాళ్లలో కొందరు ఇంట్లో 'హాలీ', 'కల్దార్' అనే మాటలు వినే ఉంటారు. నిజాం రూపాయి హాలీ సిక్కా. బ్రిటిష్ రూపాయి కల్దార్. 'కల్' అంటే యంత్రం, యంత్రం మీద కొట్టింది కాబట్టి కల్దార్. ఆ తర్వాత నిజాం రూపాయిలు కూడా యంత్రం మీదనే కొట్టారు, అయినా పాత పేర్లు పోలేదు. ఇదిగో, చార్మినార్ బొమ్మ ఉన్నది. దీని బరువు 11.18 గ్రాములు, అందులో వెండి నూటికి దాదాపు 82 పాళ్లు. అంటే 9.14 గ్రాములు.

లెక్కల మాస్టారుగా పనిచేసినవాణ్ని, ఒక లెక్క చెప్పకుండా ఉండలేను. ఆ రోజుల్లో 7 హాలీ రూపాయలకు 6 కల్దార్ రూపాయలు మారకం. నా చిన్నప్పుడు తాత నోట ఈ మాట చాలాసార్లు విన్నాను. ఈ ఏడూ ఆరూ ఎక్కణ్నుంచి వచ్చాయో తెలిసేది కాదు. ఎన్నో ఏళ్ల తర్వాత ఒక రాత్రి కాగితం మీద వేసి చూశాను. కల్దార్‌లో 10.69 గ్రాములు, ఆరింటికి 64.14. హాలీలో 9.14 గ్రాములు, ఏడింటికి 63.98. పావు గ్రాము కూడా తేడా లేదు! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బజారులో నాణేలు మార్చే అంగడి నడిపిన షరాబు పుస్తకం తెరవకుండానే వెండి ఎంతో చెప్పగలిగాడు, ఆ ఏడుకీ ఆరుకీ వెనక ఉన్నది ఇదే. అప్పటి నుంచే నాకు ఈ పిచ్చి పూర్తిగా పట్టుకుంది.

సరే, డబ్బా దగ్గరికి వద్దాం. 41లో పాత వెండి కల్దార్ రూపాయలు 30. చార్మినార్ హాలీలు 6. ఆరో జార్జి బొమ్మతో 1940 తర్వాతవి 4. ఇంకొకటి వేరే రకం, దాన్ని చివర్న చూద్దాం. ఆ జార్జి రూపాయల్ని జాగ్రత్తగా వినండి, ఎక్కువమంది మోసపోయేది అక్కడే. చూడ్డానికి అన్నీ ఒకటే. బరువు కూడా అదే 11.66. కానీ 1940 నుంచి 1945 దాకా కొట్టిన రూపాయిలో వెండి సగమే. మిగతాది నలభై పాళ్లు రాగి, ఐదు పాళ్లు నికెల్, ఐదు పాళ్లు జింకు. అంచు తిప్పి చూడండి, మధ్యలో సన్నని గాడి కనిపిస్తుంది. పాత రూపాయికి నిలువు గీతలే ఉంటాయి, ఆ గాడి ఉండదు. నకిలీలు తయారు చేసేవాళ్లకు కష్టం కావాలని పెట్టిన అంచది. ఇంక 1947 రూపాయి, వెనక పులి బొమ్మ ఉంటుంది, దాన్ని వెండి అనుకుని ఏడాదికి నలుగురైనా నా దగ్గరికి తెస్తారు. అందులో వెండి లేనే లేదు, పూర్తిగా నికెల్. అయస్కాంతం పెడితే టక్కున పట్టుకుంటుంది.

ఇప్పుడు కూడండి. 30 పాతవాటిలో 321 గ్రాములు. హాలీ ఆరింటిలో 55. సగం వెండివి నాలుగింటిలో 23. మొత్తం దగ్గర దగ్గర 400 గ్రాముల అసలు వెండి. బిళ్లలు అరిగి ఉంటాయి కాబట్టి కొన్ని గ్రాములు తీసేయండి. దీన్ని ఆ రోజు వెండి ధరతో గుణిస్తే వచ్చేది అడుగు ధర. ఇంతకన్నా తక్కువకు ఎవరైనా అడిగితే ఇవ్వాల్సిన పని లేదు. ఆమెకు కొట్టులో చెప్పింది దీనికన్నా చాలా తక్కువ. అన్నిటినీ సగం వెండిగా కట్టి, దాని మీద మళ్లీ తరుగు తీశారు. ఒక మనిషిని ఉద్దేశించి ఈ మాట అనడం లేదు, లెక్క తెలియని ఇంటికి ఎప్పుడూ జరిగేదే ఇది. అందుకే ఈ అంకెలు రాసుకోండి: 10.69, 9.14, 5.83.

అడుగు ధర తెలిసింది. దాని పైన ఏముందో చూడటమే అసలు పని.

ఒక మాట ముందే చెబుతాను. పాతది కాబట్టి విలువ అనుకోకండి. రెండు వేల ఏళ్ల నాటి నాణెం వందల్లో దొరకొచ్చు, ఎనభై ఏళ్ల నాటిది లక్షల్లో పలకొచ్చు. ఎన్ని కొట్టారు, వాటిలో ఎన్ని కరిగిపోకుండా మిగిలాయి, మిగిలినవాటిలో మొహం చెదరకుండా ఉన్నవి ఎన్ని, వాటిని కోరేవాళ్లు ఎందరు. ధరను తేల్చేవి ఇవే.

ఈ డబ్బాలో ఐదో జార్జి రూపాయలు 19 ఉన్నాయి. అందులో చాలావరకు 1917, 1918, 1919, 1920 సంవత్సరాలవి. ఎందుకంటే మొదటి ప్రపంచ యుద్ధం. బ్రిటిష్ సేనల కోసం ఇక్కణ్నుంచి జనపనార, తోళ్లు, తిండిగింజలు కొన్నారు. కొన్నదానికి రూపాయలివ్వాలి. రాత్రీ పగలూ టంకశాలలు కోట్ల కొద్దీ కొట్టాయి. అదే సమయంలో వెండి ధర పెరిగింది. 1893 దాకా ఎవరైనా టంకశాలకు వెండి తీసుకెళ్లి రూపాయలు కొట్టించుకోవచ్చు. ఆ ఏడాది అది ఆపేశారు. అప్పటి నుంచి రూపాయి ముఖవిలువ దానిలోని వెండి విలువకన్నా ఎక్కువ. యుద్ధంలో లెక్క తిరగబడింది, రూపాయికన్నా అందులోని వెండే ఖరీదైంది. జనం కరిగించేయడం మొదలుపెట్టారు. ప్రభుత్వం 1917 నవంబరు 30న మొట్టమొదటిసారి ఒక రూపాయి కాగితం నోటు వేసింది. అదీ సరిపోలేదు. 1918లో అమెరికా ఒక చట్టం చేసి, తన ఖజానాలోని వెండి డాలర్లను కరిగించి దాదాపు 20 కోట్ల ఔన్సుల వెండి భారతదేశం కోసం అమ్మింది. అంటే, ఇదిగో ఈ 1918 రూపాయిలో ఒకప్పటి అమెరికా డాలరు ముక్క కరిగి ఉండొచ్చు. మా వీధి పెద్దావిడ ఈ మాట విని ఆ బిళ్లను మళ్లీ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

వెండి బేడ కథ కూడా అక్కడే ముగిసింది. రెండణాల బిళ్లను 1917తో వెండిలో కొట్టడం మానేసి నికెల్ కలిపిన లోహంలోకి మార్చారు. మీ ఇంట్లో గోరంత వెండి బేడ ఉంటే దాచండి. అరిగిపోకుండా మిగిలినవి తక్కువ.

కోట్లలో కొట్టారు కాబట్టి 1918 రూపాయి అరిగినది అయితే వెండి ధరకన్నా కొంచెమే ఎక్కువ. ఈ నిజం చెప్పడానికి నేను వెనకాడను. కానీ ఇదే జార్జి రూపాయి 1911ది అయితే వేరు. రాజుగారి మెడలో వేసిన గొలుసు మీద చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. 1911లో తొండం, దంతాలు పొట్టిగా చెక్కడంతో అది పంది లాగా కనిపించింది. రాజు మీద పంది బొమ్మ అని జనంలో గొడవ రేగింది, ముస్లింలు నాణెం ముట్టనన్నారు. ఇంకా బయటకు వెళ్లని వాటిని ప్రభుత్వం ఆపేసి కరిగించింది. 1912 నుంచి ఏనుగును సరిచేశారు. అప్పటికే చేతుల్లోకి వెళ్లిన 1911 రూపాయలే మిగిలాయి. ఈ రెండు ఫొటోలూ పక్కపక్కన చూడండి, ఎడమవైపు 1911ది. ఆ డబ్బాలో 1911 కోసం నేను నాలుగుసార్లు వెతికాను. లేదు.

విక్టోరియావి ఆరు ఉన్నాయి. వీటిలో తేదీలు చూసి పొరపడకండి. రెండింటి మీద 1840 అని ఉంది. అంటే 1840లో కొట్టారని కాదు. ఆ రోజుల్లో తేదీని స్తంభింపజేసేవారు. 1840 అని ఉన్న రూపాయలే 1862 దాకా కొట్టారు. 1862 అని ఉన్నవి 1874 దాకా కొట్టారు. మరి ఏది ఏ ఏడాదిదో ఎలా తెలిసేది? బొంబాయి టంకశాలవాళ్లు 1862 రూపాయల మీద చిన్న చిన్న చుక్కలు పెట్టారు. వాటిని లెక్కపెడితే సంవత్సరం తెలుస్తుంది. భూతద్దం పట్టుకుని చుక్కలు లెక్కపెట్టేవాళ్లు ఈ దేశంలో వందలమంది ఉన్నారు, నేనూ ఒకణ్ని. 1840 వాటిలో రాణి తల చుట్టూ ఉన్న అక్షరాలు తెంపు లేకుండా వరసగా ఉంటే ఒక రకం, తలకు అటూ ఇటూ విడిపోతే ఇంకో రకం. వెనకవైపు ఆకుల దండలో పళ్ల లెక్కా మారుతుంది. 1877 నుంచి క్వీన్ పోయి ఎంప్రెస్ అని రాయడం మొదలైంది, రాణి కాస్తా మహారాణి అయింది.

ఇవన్నీ ఇన్ని కోట్లు కొడితే ఇప్పుడు ఇంత తక్కువగా ఎందుకు కనిపిస్తున్నాయి? రెండో యుద్ధం. 1940 జూన్‌లో ఫ్రాన్స్ పడిపోయిందన్న వార్త రాగానే జనం నోట్లిచ్చి వెండి రూపాయలు తీసుకుని దాచుకోవడం మొదలుపెట్టారు. ప్రభుత్వం సగం వెండి రూపాయి దింపింది, పాతవాటిని ఒక్కొక్కటిగా చెల్లకుండా చేసింది. విక్టోరియావి 1941లో, ఎడ్వర్డ్‌వి 1942లో, జార్జిల పాత వెండి రూపాయలు 1943లో. అప్పుడు తిరిగి ఖజానాకు వెళ్లినవి కొలిమిలో పడ్డాయి. దాచుకున్నవాళ్ల సందుగల్లో, నడుముకు కట్టుకున్న సంచుల్లో, నేల కింద పాతరల్లో ఉన్నవే మనకు మిగిలాయి. ఈ డబ్బా అత్తగారి అత్తగారు ఆ ఏళ్లలో దాచినదై ఉంటుంది. ప్రభుత్వం ఇవ్వమన్నా ఆమె ఇవ్వలేదు. ఆ పట్టుదల వల్లే ఇవి ఇవాళ మన ముందున్నాయి.

అదే కారణంగా 1939 రూపాయి చాలా అరుదు. పూర్తి వెండి రూపాయలకు అది చివరి తేదీ. అందుకే దాని నకిలీలూ ఎక్కువే. 1938లో ఎనిమిదిని గీకి తొమ్మిది చేస్తారు. ఎవరైనా 1939 అని చూపిస్తే, ఆ చివరి అంకె చుట్టూ నాణెం ఉపరితలం ఎత్తుపల్లాలుగా ఉందేమో పది రెట్ల భూతద్దంతో చూడండి.

నకిలీల గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఒక పరీక్ష చెబుతాను. ఇది ప్రతి ఇంట్లో చేయొచ్చు. వందో వంతు గ్రాము చూపే చిన్న తక్కెడ కావాలి, ఇప్పుడు అవి తక్కువ ధరకే దొరుకుతున్నాయి. ముందు కల్దార్ రూపాయిని తూచండి. 11.4 నుంచి 11.66 మధ్య ఉండాలి. తర్వాత ఒక గ్లాసులో నీళ్లు పోసి తక్కెడ మీద పెట్టి సున్నా చేయండి. రూపాయికి సన్నని దారం కట్టి, గ్లాసు అడుగును గానీ పక్కలను గానీ తాకకుండా నీళ్లలో వేలాడదీయండి. తక్కెడ దాదాపు 1.13 గ్రాములు చూపాలి. మొదటి బరువును దీనితో భాగిస్తే 10.3 దగ్గర వస్తుంది. అది 91.7 శాతం వెండి సాంద్రత. 9.5 వస్తే సగం వెండిది. 8.7 దగ్గర వస్తే జర్మన్ సిల్వరో ఇంకొకటో, అందులో వెండి లేదు. ఆర్కిమెడీస్ సూత్రాన్ని తరగతిలో ఏళ్ల తరబడి బోర్డు మీద రాశాను. ఒక పదో తరగతి పిల్లాడు తన నానమ్మ రూపాయిని ఇలా తూచి, వచ్చిన అంకె చూసి నా వైపు తిరిగి నవ్విన రోజున ఆ పాఠం నిజంగా పూర్తయిందనిపించింది.

బండ మీద వేసి మోత వినే పద్ధతి ఉంది, షరాబులు అలాగే చూసేవారు. మంచి నాణెంతో మాత్రం చేయకండి. అంచు దెబ్బతింటుంది.

ఇప్పుడు నాకు బాధ కలిగించే విషయం చెబుతాను. (రెండు నాణేలు చేతిలోకి తీసుకుని) ఈ రెండూ 1835వి, నాలుగో విలియం బొమ్మ. ఒకటి నల్లగా, నీలం చాయలో ఉంది. రెండోది తళతళలాడుతోంది. చేతులెత్తండి, ఏది బాగుంది? చూశారా, ఎక్కువమంది తళతళలాడేదే అన్నారు. అది మా తాతది. నా ఇరవయ్యో ఏట దాన్ని చింతపండుతో తోమి, విభూతితో రుద్ది, పండగ వెండి గ్లాసుల్ని తోమినట్లు తోమాను. నిండు భక్తితో చేశాను. ఇప్పుడు వెలుతురులో తిప్పి చూస్తే ఒంటి నిండా సన్నని గీతలు. రాజు చెంప మీద ఉండే మెరుపు పోయింది, అది టంకశాల అచ్చు దెబ్బకు పుట్టిన మెరుపు. ఇక రాదు. కొనేవాళ్లు ఈ తోమిన దానికి పక్కదాని ధరలో సగం కూడా ఇవ్వరు. వెండి మీద నలుపు మురికి కాదండీ. గాలిలోని గంధకంతో వెండి కలిసి ఏర్పడే పొర అది, లోపలి లోహాన్ని కప్పి కాపాడుతుంది. మట్టి అంటుకుంటే శుభ్రమైన నీళ్లలో నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దకండి. కుంకుడుకాయ వద్దు, పళ్లపొడి వద్దు, బజారులో దొరికే వెండి తోమే ద్రావణం అసలే వద్దు. ఆ పెద్దావిడ కొట్టుకు వెళ్లే ముందు వాటిని తోమలేదు. ఆ రోజు నేను ఆమెకు దండం పెట్టాను.

దాచేటప్పుడు మెత్తటి ప్లాస్టిక్ కవర్లు కూడా వద్దు. కొన్నేళ్లకు వాటి నుంచి పచ్చని జిగురు కారి నాణేన్ని తినేస్తుంది. మైలార్ అనే పాలిస్టర్ కవర్లు అడిగి తీసుకోండి, లేదా ఆమ్లం, గంధకం లేని కాగితం పొట్లాలు. నాణేన్ని ఎప్పుడూ అంచులతో పట్టుకోండి, మొహం మీద వేలు పెట్టకండి.

స్థితి గురించి రెండు మాటలు. అచ్చులో ఎత్తుగా ఉన్న చోట ముందు అరుగుతుంది. విక్టోరియాకు చెవి పైన జుట్టు, కిరీటం మీది రాళ్లు. జార్జికి గొలుసు మీది ఏనుగు. అవి స్పష్టంగా ఉంటే ధర పెరుగుతుంది. విదేశాల్లో 1 నుంచి 70 దాకా మార్కులు వేసే పద్ధతి ఉంది. ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి సంస్థలు పరీక్షించి, మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి ఇస్తాయి. అరుదైన దానికి అది మేలు. 1918 రూపాయికి ఆ ఖర్చు దండగ. ధర తెలుసుకోవాలంటే అమ్మకానికి పెట్టినవాళ్లు అడిగే ధర చూడకండి, వేలంపాటల్లో నిజంగా పలికిన ధర చూడండి. మన దేశంలో నాణేల వేలం సంస్థలు ఆ ధరలను బహిరంగంగా ఉంచుతాయి. అదే సంవత్సరం, అదే టంకశాల, అదే స్థితి. మూడూ సరిపోలితేనే పోల్చండి. ఐదో జార్జి రూపాయల మీద చిన్న బొడిపె ఉంటే బొంబాయిది, ఏ గుర్తూ లేకపోతే కలకత్తాది. కొన్ని సంవత్సరాల్లో ఆ ఒక్క చుక్క ధరను మార్చేస్తుంది.

ఉంగరం అతికించిన రూపాయలు, దండలో గుచ్చినవి మన లంబాడీ తండాల్లో చాలా ఉన్నాయి. సేకరించేవాళ్ల లెక్కలో వాటికి వెండి ధరే. కానీ ఆ దండను విప్పి బిళ్లలుగా అమ్మమని నేను ఎవరికీ చెప్పను. ఒక తల్లి మెడలో మూడు తరాలు ఉన్న దండ అది. దాని విలువ కట్టే తక్కెడ నా దగ్గర లేదు.

ఇప్పుడు హాలీలు. చార్మినార్ తలుపులో ఒక అక్షరం ఉంటుంది చూడండి. 'మీమ్' ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, 'ఐన్' ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన కొత్తలో కొట్టిన కొన్నింటిలో ఆ ఐన్ పూర్తిగా లేదు, పైముక్క మాత్రమే ఉంది. అవి దొరకడం కష్టం. నాణెం మీద 92 అనే అంకె కనిపిస్తుంది. అది సంవత్సరం కాదు. ముహమ్మద్ అనే పేరులోని అక్షరాలకు అబ్జద్ పద్ధతిలో విలువలు వేసి కూడితే వచ్చే సంఖ్య. 1857 తిరుగుబాటు తర్వాత ఢిల్లీ బాదుషా పేరు తీసేయాల్సి వచ్చినప్పుడు దాన్ని పెట్టారు. సంవత్సరం హిజ్రీలో ఉంటుంది. మార్చడం సులువు, నూటికి మూడు తీసేసి 622 కలపండి. 1337లో 40 తీస్తే 1297, దానికి 622 కలిపితే 1919. ఈ రూపాయలు యంత్రం మీద తయారైన సైఫాబాద్ టంకశాలను 2022లో మ్యూజియంగా తెరిచారు. హైదరాబాదు వెళ్లినప్పుడు అసెంబ్లీ దాకా వెళ్తారు, ఆ కొంచెం దూరం కూడా నడవండి.

ఇక చివరిది, 41వది. అది గుండ్రంగా లేదు, మందంగా, వంకరగా ఉంది. యంత్రం మీద కాదు, సుత్తితో చేత కొట్టింది. కొట్టులో దాన్ని పక్కకు నెట్టి ఇది పనికిరాదన్నారట. మీదున్న ఫారసీ అక్షరాలు సగమే పడ్డాయి, ఎందుకంటే అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. ఏ ముక్క పడితే అదే మనకు దక్కుతుంది. నాకు ఫారసీ అంతగా రాదు, అక్షరాలు గుర్తుపట్టడం వరకే. పట్టికలు ముందేసుకుని గంటసేపు కూర్చున్నాం. టంకశాల పేరులో మూడు, నాలుగు అక్షరాలు కుదిరాయి. దిల్షాదాబాద్. అంటే నారాయణపేట.

మనలో చాలామందికి తెలియదు. మన పాలమూరు గడ్డ మీదనే గద్వాల, నారాయణపేట, వనపర్తిలో రూపాయలు కొట్టారు. నారాయణపేట అనగానే మనకు చీరలే గుర్తొస్తాయి, అక్కడ సుత్తి కింద రూపాయి కూడా పుట్టింది. ఆమెకు చెప్పాను. ఆమె ఏమీ మాట్లాడలేదు కాసేపు. తర్వాత "మా అత్తమ్మ తల్లిగారిల్లు నారాయణపేట సారూ" అన్నారు. టంకశాల పేరు చదవగలిగేంతగా పడిన బిళ్లకు ధర బాగా ఎక్కువ. అది ఆమెకు వివరంగా చెప్పాను, నా బాధ్యత అది. ఆమె మిగతా వాటిలో పదిహేను సరైన ధరకు అమ్మారు, మనవరాలి ఫీజు కోసం. ఆ వంకర బిళ్ల మళ్లీ డబ్బాలోకి వెళ్లింది.

ప్రశ్నలు అడగండి.

(ఒకరు: పొలంలో దున్నుతుంటే దొరికితే ఏం చేయాలి?)

1878 నాటి చట్టం ఇప్పటికీ ఉంది. నేలలో దాచి ఉన్నది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. లంకెబిందెలు దొరికాయని రాత్రికి రాత్రి పంచుకుని కరిగించిన కథలు నాకు తెలుసు. అది నేరం, అంతకు మించిన నష్టం. అమరావతిలో శాతవాహనుల కన్నా ముందటి అచ్చుగుర్తుల వెండి నాణేలు వేలల్లో దొరికి ప్రభుత్వం చేతికి వచ్చాయి కాబట్టే పండితులు ఒక్కో గుర్తూ చదవగలిగారు. నాసిక్ దగ్గర జోగల్తంబిలో 13 వేలకు పైగా నాణేలు దొరికాయి. క్షత్రప రాజు నహపానుడి వెండి నాణేల మీద 9 వేలకు పైగా మన గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. ఆ యుద్ధంలో ఎవరు గెలిచారో చెప్పింది ఆ కుండే. ఎవరో దాన్ని కరిగించి గిన్నె చేసి ఉంటే? ఇంకో సంగతి, వందేళ్లు దాటిన నాణేన్ని దేశం దాటించడం కూడా నేరమే. విదేశాల్లో ఉన్న పిల్లలకు ఇచ్చి పంపకండి.

(ఇంకొకరు: ఫోన్‌లో పాత నాణేలకు లక్షలు ఇస్తామంటున్నారు, నిజమేనా?)

కాదమ్మా. మా దూరపు బంధువు ఒకాయన రిజిస్ట్రేషన్ రుసుమని, పన్ను అని మూడుసార్లు డబ్బు కట్టాడు. పంటకు దాచిన డబ్బు. ఒక్క రూపాయి వెనక్కి రాలేదు. 2021లో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది, తమ పేరు చెప్పి రుసుములు అడిగేవాళ్లను నమ్మవద్దని. సీతారాములు, హనుమంతుడు బొమ్మలతో ఈస్టిండియా కంపెనీ 1818 అని ఉన్న బిళ్లలు చూపిస్తారు. కంపెనీ అలాంటి నాణెం ఎప్పుడూ కొట్టలేదు. అవి దేవుడి టంకాలు, పూజ గదిలో పెట్టుకోవడానికి చేసినవి. 'రైస్ పుల్లర్' అని, బియ్యం గింజల్ని తనవైపు లాగే మహిమ ఉందని ఎవరైనా ఒక బిళ్ల గురించి చెబితే వెంటనే పోలీసులకు ఫోన్ చేయండి. నాణెం కొనేవాడు మీకు డబ్బిస్తాడు, మీ దగ్గర తీసుకోడు.

(ఒక అబ్బాయి: నా దగ్గర డబ్బుల్లేవు సార్. ఎట్ల మొదలువెట్టాలె?)

వెండితో మొదలుపెట్టకు నాయనా. ఇది పట్టుకో. ఐదో జార్జి కాలం అణా. వెండి కాదు, అంచు అలలు అలలుగా ఉంది చూడు, టీ ధరకు దగ్గరలో దొరుకుతుంది. దీని మీద అణా అని ఎన్ని లిపుల్లో రాశారో లెక్కపెట్టు. భూతద్దం ఆ చివర ఉంది, తెలుగు ఎక్కడుందో కనిపెట్టి అందరికీ చూపించు.